బ్రేకు సమాచారం కొరకు ముందు భాగము చూడుడు

మా ఉద్యానవన శాఖవారి నీళ్ళ లారీకి వెనక లైట్లు వెలగడం లేదన్న వదంతిని పట్టణ ప్రజలు నమ్మవద్దని మనవి. లైట్లు వెలుగుతున్నాయి. కాకపోతే ముందు వెలుగుతున్నాయి.

ఈ మాట సాధికారంగా చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. శాఖలో ఫైళ్ళు రాసేది నేను. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను. ఒక పని ఎందుకు జరగలేదో మూడు పేరాల్లో, ఎవరి మీదా మాట పడకుండా, చదివినవాడు చివరికి ఆ పని జరగకపోవడమే మంచిదైంది అనుకునేటట్టు రాయడంలో నన్ను మించినవాడు లేడని పెద్దసారే నలుగురిలో అన్నారు. పెద్దసారంటే మా శాఖాధికారి. ఆయన ఎవరినీ ఊరికే పొగడరు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరు మధ్యలో అడ్డు రావద్దు.

లారీ గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉంటారు. వయసు అరవై దాటింది. ఇప్పటి లారీల్లాగా గోడకు గుద్దుకున్న మొహం కాదు. గుండ్రటి కళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ముక్కుకు అటూ ఇటూ ఉబ్బిన బుగ్గలు. అందరం గౌరవంగా తాతగారు అంటాం. తాతగారు ప్రతి సాయంత్రం ఐదున్నరకు షెడ్డు నుంచి బయలుదేరి, పెద్దరోడ్డు మధ్యన పొడుగునా ఉన్న పూలమొక్కలకు నీళ్ళు పోయిస్తారు. మొక్క మొక్కకూ ఆగుతారు. నడిపే డ్రైవరు అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, నిదానం అంటే పలుకుతాడు. వెనక, నీళ్ళ ట్యాంకు కింద, ఒక ఇనప మెట్టు ఉంది. ఆ మెట్టు మీద పైపు పట్టుకుని నిలబడేది బాబాయి. నాకొక్కడికే కాదు, ఆఫీసు మొత్తానికి ఆయన బాబాయే. వెనకనుంచి వచ్చే ఏ బండికైనా మొదట తగిలేది బాబాయి, ఆ తర్వాతే శాఖవారి ఆస్తి.

కిందటేడు తాతగారికి 'వారసత్వ వాహనం' అన్న బిరుదు వచ్చింది. ఇచ్చింది పాత వాహనాల పరిరక్షణ సంఘం. బిరుదుతోపాటు ఒక షరతుల కాగితం కూడా వచ్చింది. బండికి పుట్టినప్పటి రంగే ఉండాలి, ఆ రంగు మీద గోటి గీత పడినా బిరుదు వెనక్కి తీసుకుంటారు. పుట్టినప్పటి రంగేదో తేల్చడానికి ఒక ఉపసంఘం పదకొండుసార్లు సమావేశమైంది. తాతగారి చిన్ననాటి ఫొటో ఒక్కటే దొరికింది, అదీ నలుపు తెలుపుది. దాన్ని భూతద్దంతో చూసి ఆకుపచ్చ అని తేల్చిన మేధావులు మన ఊళ్ళో ఉన్నారని మీరు గర్వపడవచ్చు.

రంగు వేసిన పెయింటరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అంత నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. కనబడేచోట పూసి కనబడనిచోట ఎగ్గొట్టే రకం కాదు. బండిని ఊడదీసి ఇంజను అడుగున వేశాడు, పనిముట్ల పెట్టె లోపల వేశాడు, ప్రతి బోల్టూ విప్పి బోల్టు కింద మూడు పూతలు వేశాడు, బిగించాక పైన ఇంకో పూత వేశాడు. పెద్దసారు స్వయంగా కుర్చీ వేసుక్కూచుని చేయించారు. పూర్తయ్యాక 'పని సర్వాంగ సుందరముగా జరిగినది' అన్న కాగితం మీద సంతకం పెట్టారు. వాక్యం నాది, సంతకం ఆయనది.

బిరుదు సభలో పెద్దసారు మాట్లాడారు. "సోదర సోదరీమణులారా! ఇది వట్టి వాహనం కాదు. ఇది మన గతం. గతం లేనివాడికి భవిష్యత్తు లేదు, భవిష్యత్తు లేనివాడికి వర్తమానం కూడా అనుమానమే! ఈ తాతగారి ఒంటి మీద ఈగ వాలితే అది నా ఒంటి మీద వాలినట్టే!" అని అరగంటసేపు అన్నారు. బాబాయి వెనకవరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ మర్నాటి సాయంత్రం నుంచి వెనక లైట్లు పోయాయి.

మొదట కనిపెట్టింది నిదానం. నా బల్ల దగ్గర నిలబడి, "బ్రేకు తొక్కితే మీటరు బల్బులు వెలుగుతున్నాయండీ. ముందున్న చిన్న లైట్లు కూడా మినుకుమినుకుమంటున్నాయి. వెనక మాత్రం ఏమీ లేదు, చీకటి," అన్నాడు. రాతపూర్వకంగా ఇమ్మన్నాను. నాలుగు రోజులకు ఇచ్చాడు.

శాఖ మోటార్లూ, పార్కు దీపాలూ, బళ్ళ వైర్లూ చూసుకోవడానికి కాంట్రాక్టు మీద పనిచేసే ఎలక్ట్రీషియను ఒకమ్మాయి ఉండేది. బాబాయి కూతురు. వ్యవహారం చిక్కుపడింది ఇక్కడే. కన్నతండ్రి రోజూ ఆ మెట్టు మీద నిలబడతాడు కాబట్టి లైట్లు వెలగాలన్న స్వార్థం ఆమెకు ఉంది. స్వార్థం ఉన్నవాళ్ళ మాట ఫైల్లో చెల్లదు.

అమ్మాయి ఒక పానా, రెండు వైర్లకు బల్బు కట్టిన టెస్టు దీపం పట్టుకొచ్చింది. లారీ వెనక గొంతుక్కూర్చుంది. బల్బులు తీసి చూసింది, బాగానే ఉన్నాయి. బల్బుదాకా కరెంటు వస్తోందా అని చూసింది, వస్తోంది. అప్పుడొక పొడుగాటి వైరు తెచ్చి, ఒక కొస బ్యాటరీ ఎర్తుకు తగిలించి, రెండో కొస లైటు వెనక రేకుకు ఆనించి, నిదానాన్ని బ్రేకు తొక్కమంది. లైటు భగ్గున ఎర్రగా వెలిగింది. మొత్తం పది నిమిషాలు పట్టింది. అలికిడి విని పెద్దసారు టీ కప్పుతో బయటికి వచ్చారు.

"సార్, బల్బుకి వచ్చే వైరు ఒకటే ఉంటుంది. తిరిగి వెళ్ళడానికి వేరే వైరుండదు, బండి ఇనుమే దారి. దాన్నే ఎర్తు అంటాం. లైటుని ఈ బోల్టుతో ఇనుముకి బిగించారు. బోల్టు కింద ఇప్పుడు రంగుంది. రంగులోంచి కరెంటు పోదు. వెళ్ళే దారి లేక అది పక్క వైరు పట్టుకుని ముందుకెళ్ళి, ముందు లైట్లలోంచి దిగుతోంది. అందుకే బ్రేకు తొక్కితే ముందు వెలుగుతున్నాయి. బోల్టు కింద గోరంత మేర గీకితే చాలు సార్. మీ టీ అయ్యేలోపు చేసేస్తాను."

"గీకడమా!" అన్నారు పెద్దసారు. కప్పులో టీ తొణికి చొక్కా మీద పడింది.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు. మా శాఖలో ఇబ్బందేమిటంటే గొడ్డలికి అనుమతి ఉంది, గోటికి లేదు. గీకితే బిరుదు పోతుంది. పోనీ బోల్టు కింద రంగు వేయడం తప్పని ఒప్పుకుందామంటే, కుర్చీ వేసుక్కూచుని వేయించిన పెద్దసారు సంతకం తప్పవుతుంది. పెద్దసారు సంతకం తప్పు కాజాలదు గనక రంగు తప్పు కాదు. రంగు తప్పు కాదు గనక లోపం ఇంకెక్కడో ఉంది. ఎక్కడుందో తెలిసిపోయింది కాబట్టి, ఆ ఒక్కచోటూ వదిలేసి మిగతా అన్నిచోట్లా వెతకవలసిందిగా ఉత్తర్వు తయారుచేశాను.

"పోనీ సార్, గీకనులెండి. ఈ వైరే ఇలా ఉంచేస్తాను," అంది అమ్మాయి. బాగానే ఉందే అని నాకూ అనిపించింది. పరిరక్షణ సంఘంవారిని అడిగాం. అరవయ్యేళ్ళ కిందట ఈ బండికి అలాంటి వైరు లేదనీ, అది పరాయి వైరనీ, దాన్ని ఉంచితే వారసత్వం కల్తీ అవుతుందనీ జవాబు వచ్చింది. వైరును తీయించి, చీటీ కట్టి, నా బీరువాలో భద్రపరిచాం. చూడదలచినవారు పనివేళల్లో రావచ్చు.

ఇక వెతుకులాట మొదలైంది. ముందు బల్బులు మార్చాం. కొత్తవీ వెలగలేదు, కాని ఆ వెలగకపోవడంలో పాతవాటికన్నా ఒక నాణ్యత కనిపించింది. ఫ్యూజు మార్చాం. బ్రేకు కింద ఉండే స్విచ్చి మార్చాం. బ్యాటరీ మార్చాం. దానితో ముందు లైట్లు ఇంకాస్త బాగా వెలిగాయి, 'అభివృద్ధి కలదు' అని రాశాను. చివరికి ముందునుంచి వెనకదాకా వైర్లన్నీ పీకించి కొత్తవి వేయించాం. వేసింది ఆ అమ్మాయే. ఆమె చెయ్యి ఆ బోల్టు మీదికి వెళ్ళకుండా ఇద్దరు మనుషుల్ని పక్కనే కాపలా పెట్టాం. పాపం, వారం రోజులపాటు ఆ బోల్టును చూస్తూ, దాని చుట్టూతా పని చేసింది. కొత్త వైర్లలో కరెంటు మరింత హుషారుగా వచ్చి, అదే బోల్టు దగ్గర ఆగి, మళ్ళీ ముందుకే వెళ్ళింది.

రోజువారీ పరిస్థితి రాయడానికి ఒక పుస్తకం పెట్టాం. 'వెనక లైట్లు: వెలగలేదు. ముందు లైట్లు: వెలిగినవి. సగటు: తృప్తికరం.' పై అధికారులకు సగటు మాత్రమే పంపేవాళ్ళం, వాళ్ళకు తీరిక తక్కువ.

అప్పుడు నిపుణుణ్ణి పిలిపించారు. ఆయనది నడుం నొప్పి, వంగలేరు. వంగకుండానే రెండు గంటలు ప్రసంగించారు. "శక్తి నశించదు, రూపం మార్చుకుంటుంది. వెనక వెలగవలసిన శక్తి ముందు వెలుగుతోందంటే అర్థమేమిటి? ఈ వాహనం పురోగమిస్తోంది! మనకూ ఈ వాహనానికి ఉన్న ముందుచూపు ఉంటే దేశం ఎక్కడో ఉండేది!" అన్నారు. చప్పట్లు మోగాయి. పెద్దసారు ఉత్సాహం పట్టలేక డ్రైవరు సీటెక్కి తానే బ్రేకు తొక్కారు. మీటరు బల్బుల వెలుగు మొహం మీద పడింది. "వెలుగుతోంది కదయ్యా! ఎవరన్నారు వెలగట్లేదని?" అన్నారు. దిగి వెనక్కి వెళ్ళి చూడమని ఎవరం అనలేదు. ఆ హోదాలో ఉన్నవాళ్ళు దేని వెనక్కూ వెళ్ళరు.

ఇంతలో ఏటా జరిగే వాహన తనిఖీ వచ్చిపడింది. తనిఖీ అధికారి వెనక నిలబడి చూసే అలవాటున్న మనిషి, ఏం చేస్తాం. ఒక బ్యాటరీ లైటుకు ఎర్రకాగితం చుట్టి బాబాయి చేతికిచ్చి లైటు పక్కన దాక్కోమన్నాం. నిదానం బ్రేకు తొక్కినప్పుడల్లా చిన్నగా హారను కొట్టాలి, హారను వినగానే బాబాయి మీట నొక్కాలి. తనిఖీ అధికారి మూడుసార్లు తొక్కించి చూసి, తాతగారి పక్కన నిలబడి ఫొటో దిగి, 'లైట్లు వెలుగుటలో అరక్షణం ఆలస్యము, వయోభారముగా భావించవచ్చును' అని రాసి ధ్రువపత్రం ఇచ్చివెళ్ళాడు. ఈ పద్ధతినే శాశ్వతం చేద్దామని పెద్దసారు సెలవిచ్చారు. అయితే పైపు పట్టుకోవడానికే రెండు చేతులూ కావాలనీ, బాబాయికి ఉన్నవి ఆ రెండేననీ పరిశీలనలో తేలింది.

ఆ వారంలోనే చెప్పు సంఘటన జరిగింది. సాయంత్రం ఆరున్నర, వెలుగు మందగించే వేళ. తాతగారు ఒక మొక్క దగ్గర ఆగారు. ఆగినట్టు వెనక వస్తున్న వ్యానువాడికి తెలియలేదు. చివరి క్షణంలో బ్రేకు కొట్టాడు. బాబాయి పైపు వదిలేసి పక్కకు దూకాడు, కుడికాలి చెప్పు జారి వ్యాను చక్రం కిందికి పోయింది. వ్యానువాడు దిగి, "కళ్ళు నెత్తికెక్కాయా? రోడ్డు మధ్యలో ఈ వేషాలేంటి?" అని బాబాయినే తిట్టాడు. బాబాయి పైపు తీసుకుని, ఆ మొక్కకు మిగిలిన నీళ్ళు పోసి, ఒంటిచెప్పుతో షెడ్డుకు వచ్చాడు. ఆ సమయానికి చెప్పులో కాలు లేదు గనక దీన్ని ప్రమాదమనడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. 'పాదరక్ష నష్టము' అన్న పేరుతో వేరే ఫైలు తెరిచాను. విధి నిర్వహణలో పైపు వదిలేసినందుకు బాబాయికి ఒక మెమో కూడా వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కాగితం సంచిలోంచి ఆ చెప్పు తీసి నా బల్ల మీద, ఫైళ్ళ మధ్య పెట్టింది. అట్టముక్కలా చదునైపోయింది.

"అన్నయ్యా, నువ్వు రాసినదానికే ఆయన సంతకం పెడతారని అందరికీ తెలుసు. ఒక్క ముక్క రాయి. బోల్టు కింద గీకవచ్చు అని. ఒక్క ముక్కే."

"రాస్తాలేమ్మా. దానికో పద్ధతుంది."

"ఏం పద్ధతన్నయ్యా? ఈసారి చెప్పు పోయింది. రేపు కాలు పోతే చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారా?"

"పోనీ కొన్నాళ్ళు బాబాయిని ఆ మెట్టు దిగమనకూడదూ?"

"అనలేదనుకున్నావా? బతిమాలాను, ఏడ్చాను, అన్నం మానేశాను. 'నేను దిగితే ఇంకొకణ్ణి ఎక్కిస్తారే, వాడికీ కాళ్ళుంటాయి' అన్నాడు. ఇంకేం మాట్లాడను చెప్పు?"

నిజం ఒప్పుకుంటున్నాను, నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే కలం తీసి రాశాను: 'బోల్టు విషయము కూడ అవసరమైనచో తగు సమయమున పరిశీలించవచ్చును.' అమ్మాయి వంగి చదివింది. చెప్పు మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళలో నా వాక్యం చదివి మెచ్చుకోకుండా వెళ్ళిన మనిషి ఆమె ఒక్కతే.

అలాగని శాఖ చేతులు ముడుచుకుని కూర్చుందనుకోకండి. లారీ వెనక, సరిగ్గా మెట్టుకు పైన, తాళ్ళతో ఒక బోర్డు కట్టించాం. 'బ్రేకు సమాచారం కొరకు వాహనము ముందు భాగము చూడుడు.' ఆ వాక్యమూ నాదే. బిరుదు షరతుల ప్రకారం వేరే రంగు వాడకూడదు గనక ఆకుపచ్చ బోర్డు మీద కాస్త ముదురాకుపచ్చ అక్షరాలు రాయించాం. ఆవిష్కరణ సభలో పెద్దసారు, "ప్రజలు ఎన్నాళ్ళని వెనకబడి ఉంటారు? ముందుకు రావాలి! ఈ బోర్డు వాళ్ళని ముందుకు రమ్మని పిలుస్తోంది!" అన్నారు. ప్రజలు వచ్చారు. అక్షరాలు కంటికి ఆనకపోవడంతో చదవడానికి మరీ దగ్గరికి, మెట్టుకు జానెడు దూరందాకా వచ్చారు. కొందరు బోర్డు మాట మన్నించి, ముందు భాగం చూద్దామని ఎదురుదారిలోకి బళ్ళు తిప్పారు. పైగా మెట్టెక్కి నిలబడితే బాబాయి వీపు బోర్డుకు అడ్డం. ప్రజలకు సమాచారం అందకుండా అడ్డు నిలబడుతున్నందుకు ఆయనకు రెండో మెమో వెళ్ళింది.

ఆ రెండో మెమో అందినరోజు, భోజనాల వేళ, అందరూ చూస్తుండగా అమ్మాయి పానా పట్టుకుని లారీ కిందికి దూరింది. దాపరికం లేదు, దొంగచాటు లేదు. "ఏయ్, ఏం చేస్తున్నావ్ అక్కడ?" అని షెడ్డు కాపలావాడు అరిచాడు. "కనబడట్లేదా? గీకుతున్నాను," అని కిందనుంచి వినబడింది. బోల్టు విప్పింది. గరుకు కాగితంతో గోరంత మేర ఇనుము తెల్లగా తేలేదాకా రుద్దింది. మళ్ళీ బిగించింది. రెండోవైపూ అంతే. నిదానం తన జన్మలో మొదటిసారి పరుగెత్తుకెళ్ళి సీటెక్కి బ్రేకు తొక్కాడు.

వెనక దీపాలు రెండూ ఎర్రగా వెలిగాయి. ముందు లైట్లు బుద్ధిగా ఆరిపోయాయి. నిదానం చిన్నపిల్లాడిలా తొక్కుతూ వదులుతూ, మళ్ళీ తొక్కుతూ ఉండిపోయాడు. బాబాయి కూతురి మొహానికంటిన మసిని భుజం మీది తువ్వాలుతో తుడుస్తూ, "ఉద్యోగం ఊడుతుందే పిచ్చిదానా," అన్నాడు. అంటూనే నవ్వాడు. చూస్తున్న మా అందరికీ ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ సంతోషం రాయడానికి రోజువారీ పుస్తకంలో గడి లేదు.

మర్నాడే విచారణ సంఘం కూర్చుంది. అభియోగం, వారసత్వ వర్ణమునకు గోరంత నష్టము కలిగించుట. కాని ఒక చిక్కు వచ్చింది. బోల్టు బిగించాక గీకినచోటు కంటికి కనబడదు. చూడాలంటే బోల్టు విప్పాలి, విప్పితే రంగు దెబ్బతింటుంది. ఈ చిక్కు విడదీసింది నేనే. రంగు గీకకపోతే లైట్లు వెలగవు, లైట్లు వెలుగుతున్నాయి, కాబట్టి లైట్లు వెలగడమే నేరానికి రుజువు. సభ్యులు ముగ్గురూ ఆ తర్కానికి ముగ్ధులైపోయారు. మొదటిరోజు అమ్మాయి చెప్పింది నిజమేనని శాఖ ఒప్పుకున్నది ఆ ఒక్క సందర్భంలోనే.

"నీ తరఫున చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని అడిగారు పెద్దసారు.

"ఇప్పుడు వెనకనుంచి కనబడుతోందా లేదా సార్? అదొక్కటి రాయండి, చాలు."

అది విచారణ పరిధిలోకి రాలేదు. కాంట్రాక్టు రద్దయింది. ఉత్తర్వు నేనే రాశాను. చివరి పేరాలో ఆమె పనితనాన్ని మెచ్చుకున్నాను కూడా. పెయింటరును మళ్ళీ పిలిపించాం. అతను ఈసారి బోల్టు మరల్లో సైతం రంగు పట్టించాడు. సాయంత్రం నిదానం బ్రేకు తొక్కాడు, మీటరు వెలిగింది. బిరుదు దక్కిందని పెద్దసారు తాతగారి బుగ్గ నిమిరి ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాతది మీరు రోజూ చూస్తున్నదే. అమ్మాయి సందు చివర చిన్న కొట్టు పెట్టుకుని బళ్ళ వైర్లు బాగుచేసుకుంటోంది. ఐదున్నరయ్యేసరికి కొట్టు మూసి, స్కూటరెక్కి, పెద్దరోడ్డు మొదట్లో తాతగారిని కలుసుకుంటుంది. ఒక బండి దూరం వదిలి, వెనక లైటు వేసుకుని, రెండువైపులా ఇండికేటర్లు కొట్టించుకుంటూ, మొక్క మొక్కకూ ఆగుతూ వెంట వస్తుంది. ఇప్పుడు బాబాయికీ రోడ్డుకూ మధ్య ఉన్నది ఆ పిల్ల వీపు ఒక్కటే. మొదటిరోజు బాబాయి మెట్టు మీదనుంచి కేకలేశాడట.

"ఇంటికెళ్ళవే! నీకేమైనా మతిపోయిందా?"

"నువ్వు నీళ్ళు పొయ్యి నాన్నా."

"నిన్నెవడైనా గుద్దితేనో?"

"నా లైటు వెలుగుతోందిలే. నువ్వు పని చూసుకో."

ఆ రోజు మొక్కలకన్నా రోడ్డుకే ఎక్కువ నీళ్ళు పోశాడని నిదానం చెప్పాడు. చూపు కూతురి మీదే ఉండిపోయిందట, కళ్ళు తుడుచుకుందామంటే చేతిలో పైపాయె.

పోయిన వారం శాఖకు ఒక అర్జీ వచ్చింది. మూడువందల పన్నెండు సంతకాలు. తాతగారి లైట్ల గురించి ఇన్ని నెలల్లో ఎవరైనా ఒక్క ముక్క రాశారేమోనని వచ్చిన కాగితాల రిజిస్టరు మొత్తం తిరగేశాను. ఒక్కటీ లేదు. ఈ అర్జీలో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది: 'పెద్దరోడ్డుపై వారసత్వ వాహనము వెనుక ఒక స్త్రీ స్కూటరుపై నత్తనడకన సంచరించుచు రాకపోకలకు అంతరాయము కలిగించుచున్నది. ఆమె ఎర్రదీపము వెనుక వచ్చువారి కళ్ళలో పడుచున్నది. వాహనముతో ఫొటో దిగదలచిన వారికి ఆమె అడ్డు. తక్షణమే తొలగింపవలెను.' పెద్దసారు 'వెంటనే చర్య' అని రాసి అదే గంటలో నాకు పంపారు. మా శాఖలో ఇంత వేగంగా కదిలిన కాగితాన్ని నేను చూడలేదు.

రేపటినుంచి సాయంత్రం వేళ ఆ స్కూటరు పెద్దరోడ్డు మీదికి రాకూడదని ఉత్తర్వు రాసి సంతకానికి పెట్టాను. రాసేముందు అర్జీదారుల సంతకాలు సరిచూడడం నా విధి గనక పేజీ పేజీ చూశాను. అందరూ మనవాళ్ళే, మర్యాదస్తులు. మూడో పేజీలో మీ సంతకం కనబడింది. బండి ఆగినప్పుడు కిటికీలోంచి ఎవరో కాగితం అందిస్తే తొందరలో పెట్టినట్టున్నారు, అయినా గుర్తుపట్టాను. దాని పైన ఉన్నది నాది. ఏం చేయమంటారు, నేనూ రోజూ ఆ దారినే ఇంటికి వెళ్ళాలి, పావుగంట ఆలస్యమవుతోంది.